తూఫాన్ వెళ్ళాక వచ్చే జమాత్

పాలమూరు వైపు వాళ్ళకు ఎం.బి. చర్చి గురించి వేరే చెప్పక్కర్లేదు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండల్లో నిజాం జమానాలోనే వాళ్ళు బంగళాలు, బడులు కట్టారు. జడ్చర్లలో వాళ్ళ దవాఖానా మష్‌హూర్. కానీ ఎం.బి. అంటే మెన్నొనైట్ బ్రదరెన్ అని, మెన్నొనైట్లు ఐదు వందల ఏళ్ళ తారీఖ్ ఉన్న ఒక చిన్న ఈసాయీ ఫిర్ఖా అని చాలామందికి తెలియదు. ఆ ఫిర్ఖా వాళ్ళే అమెరికాలో పెద్ద తూఫాన్లు వచ్చి వెళ్ళాక చేసే ఖిద్మత్ గురించి ఈ మజ్మూన్. ఇందులో మనం ఆలోచించాల్సిన సంగతులు ఉన్నాయని నాకనిపించింది.

2005 ఆగస్టు 29న కత్రీనా అనే హరికేన్ అమెరికా దక్షిణ తీరాన్ని తాకింది. మనం తుపాను అనేదాన్నే అక్కడ హరికేన్ అంటారు. న్యూ ఆర్లియన్స్ షహర్‌లో గాలి కన్నా నీళ్ళు ఎక్కువ నాశనం చేశాయి. కాలువల కట్టలు తెగి షహర్‌లో 80 శాతం మునిగింది. 1,300 మందికి పైగా చనిపోయారు. దునియా అంతటికీ పెద్దన్నలా ఉండే హుకూమత్, సొంత అవామ్‌కు మంచినీళ్ళు అందించడానికి రోజులు తీసుకుంది. ఆ రోజుల్లో టీవీలో చూసినవాళ్ళకు ఇళ్ళ కప్పుల మీద నిలబడి చేతులూపుతున్న నల్లజాతి కుటుంబాలు గుర్తుండే ఉంటాయి.

మొదటి వారాల్లో చర్చిల వాళ్ళు చాలామంది వచ్చారు. సదరన్ బాప్టిస్టులది అందులో పెద్ద దస్తా. 1967లో టెక్సస్‌లో బ్యూలా హరికేన్ వచ్చినప్పుడు వేడి అన్నం వండిపెట్టడంతో మొదలైన వాళ్ళ కామ్, కత్రీనా నాటికి కోటికి పైగా భోజనాలు వండే స్థాయికి చేరింది. రెడ్ క్రాస్ సామాను తెచ్చి పంచేది, వీళ్ళు దేగ్‌లు ఎక్కించేవాళ్ళు. ఇళ్ళల్లో చేరిన బురదను పారలతో ఎత్తిపోసిందీ, బూజు పట్టిన గోడ పలకలను ఊడబీకిందీ వీళ్ళ జట్లే.

తర్వాత కెమెరాలు వెళ్ళిపోయాయి. మెన్నొనైట్ల అసలు కామ్ అప్పుడే మొదలవుతుంది. మెన్నొనైట్ డిజాస్టర్ సర్వీస్ అనే వాళ్ళ తంజీమ్, తూఫాన్ వెళ్ళిన ఏడాదికో, రెండేళ్ళకో, అందరూ మరచిపోయాక కూడా అక్కడే ఉండి ఇళ్ళు కడుతుంది. ఈ సబ్ర్ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

16వ సదీలో యూరప్‌లో వీళ్ళ బుజుర్గులు రెండు మాటలన్నారు. బాప్తిస్మం పసిపిల్లలకు కాదు, తెలిసి ఒప్పుకున్న పెద్దవాళ్ళకే ఇవ్వాలి. తల్వార్ పట్టకూడదు. ఈ రెండింటికీ అటు కేథలిక్కులు, ఇటు ప్రొటెస్టెంట్లు ఇద్దరూ వాళ్ళను నీళ్ళలో ముంచారు, మంటల్లో కాల్చారు. 1569లో హాలండ్‌లో డిర్క్ విలెమ్స్ అనే ఖైదీ తప్పించుకుని, గడ్డకట్టిన నీటి మీదుగా పరుగెత్తుతున్నాడు. తరుముతున్న సిపాయి మంచు పగిలి మునిగిపోతుంటే వెనక్కి వచ్చి అతన్ని పైకి లాగాడు. అదే చోట దొరికిపోయాడు. అతన్ని సజీవంగా కాల్చేశారు. తాయిఫ్ వాఖియా మన పిల్లలకు మనం ఎలా చెప్తామో, ఈ కిస్సా వాళ్ళ ఇళ్ళల్లో అలా చెప్తారు.

రెండో ప్రపంచ జంగ్‌లో వీళ్ళు బందూక్ పట్టమన్నారు. అమెరికా హుకూమత్ అలాంటి దాదాపు 12,000 మందిని 1941 నుంచి క్యాంపుల్లో పెట్టి, హుకూమత్ జీతం లేకుండా పనిచేయించింది. అందులో మెన్నొనైట్లే ఎక్కువ. అడవుల్లో మంటలు ఆర్పారు, పిచ్చాసుపత్రుల్లో రోగుల సేవ చేశారు. బయటి జనం వాళ్ళను బుజ్‌దిల్ అన్నారు. 1945లో ఒక జట్టును మిసిసిపీ తీరంలోని గల్ఫ్‌పోర్ట్‌కు పంపారు. అక్కడి గరీబుల ఇళ్ళల్లో కొంకిపురుగుల బీమారీ తగ్గించడానికి మరుగుదొడ్లు కట్టడం వాళ్ళ పని. జంగ్ అయిపోయినా మెన్నొనైట్లు ఆ ఊరు వదల్లేదు, నల్లజాతి బస్తీల్లో పనిచేస్తూ ఉండిపోయారు.

ఇక 1950లో కాన్సస్‌లోని హెస్టన్ దగ్గర కొందరు జవాన్లు కూర్చుని ఆలోచించారు. జంగ్ వద్దంటాం సరే, మరి అమన్ రోజుల్లో మన జాన్, మన మెహనత్ దేనికి? వరదలొచ్చిన చోటికి వెళ్దాం అనుకున్నారు. ఆ చిన్న మజ్లిస్ నుంచి పుట్టిందే ఈ తంజీమ్. 1969 ఆగస్టులో కమీల్ హరికేన్ అదే మిసిసిపీ తీరాన్ని ఊడ్చేసినప్పుడు, గల్ఫ్‌పోర్ట్‌లో వాళ్ళకు పాతికేళ్ళ జాన్-పహచాన్ ఉంది. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో తెలిసిన వాళ్ళు ఆ ఇళ్ళు తిరిగి కట్టడానికి దిగారు.

వీళ్ళ తరీఖా మనకు కొత్తేమీ కాదు. తబ్లీగ్ జమాత్‌లో మూడు రోజులో, చిల్లానో పెట్టినట్టు, వీళ్ళు వారం పెడతారు. వ్యవసాయం చేసేవాళ్ళు చలికాలంలో పనుల్లేనప్పుడు ఎక్కువగా వస్తారు. కారు నడపని ఆమిష్ వాళ్ళు కూడా బస్సుల్లో వస్తారు. చర్చి హాల్లోనో, డేరాల్లోనో పడక. వంటకు వేరే వాలంటీర్లు. పొద్దున్నే సుత్తి పట్టి సాయంత్రానికి దించడం, ఇత్వార్ నాడు పని బంద్. ఎవరికి ఇల్లు కట్టాలో వీళ్ళు తేల్చరు. ఆ ఊరి కమిటీ, ముసలివాళ్ళు, మాజూర్లు, ఇన్సూరెన్స్ లేనివాళ్ళు ఎవరెవరో చూసి, సామాను ఖర్చు సమకూరుస్తుంది. వీళ్ళు చేసేది మెహనత్. చర్చికి వస్తావా అని ఇంటివాణ్ణి అడగరు. తూఫాన్లొచ్చిన చోట ఒక చేత్తో రొట్టె, ఇంకో చేత్తో కితాబ్ పట్టుకొచ్చే జమాత్‌లూ ఉన్నాయి. ముసీబత్‌లో ఉన్నవాడి ముందు ఈమాన్ మాట ఎత్తితే అది దావత్ కాదు, బేరం. మనవాళ్ళు చేసినా నేను ఇదే అంటాను.

అయితే ఖిద్మత్‌తో అన్నీ తీరలేదు. న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతి ఇళ్ళు చాలావరకు తాతల కాలం నుంచి వచ్చినవి. కాగితాలు చనిపోయిన వాళ్ళ పేరునే ఉన్నాయి. తఖ్సీమ్ కాలేదు, నామాంతరం కాలేదు. కాగితం లేదని హుకూమత్ ఇమ్దాద్ ఆగిపోయింది. దాదా పేరు మీదే ఉన్న మన ఇళ్ళు ఎన్నో లెక్కేసుకోండి. కాగితాలున్నవాళ్ళకు కూడా, కట్టడానికి ఎంతవుతుందని కాకుండా, తూఫాన్‌కు ముందు ఇంటి ధర ఎంతని చూసి డబ్బిచ్చారు. నల్లజాతి బస్తీల్లో ఇంటి ధర తక్కువ కదా, వాళ్ళకొచ్చిందీ తక్కువే. దీని మీద అదాలత్‌కు వెళ్ళారు, 2011లో రాజీ కుదిరింది. ఒక పక్క మెన్నొనైట్ ముసలాయన తన ఖర్చుతో వచ్చి మేకులు కొడుతుంటే, ఇంకో పక్క హుకూమత్ ఇలా లెక్కలేసింది. ఖైరాత్ ఎంత మంచిదైనా హఖ్ జాగాలో నిలబడలేదు. ఈ మాట కొన్ని చర్చిలవాళ్ళే రాశారు గానీ, ఇంకా గట్టిగా అనాల్సింది.

మన ముసల్మాన్ల సంగతి అడుగుతారు కదా. న్యూ ఆర్లియన్స్ నుంచి వేలాదిమంది హ్యూస్టన్ చేరారు. మన హైదరాబాదీలు బాగా స్థిరపడ్డ షహర్ అది. అక్కడ ఒక పెద్ద బాప్టిస్టు చర్చి ముందుండి, అన్ని మజహబ్‌ల వాళ్ళకూ వంతులేసి భోజనాల ఇంతెజామ్ చేసింది. ముసల్మాన్లు తమ వంతుకు ఎంచుకున్న తేదీ సెప్టెంబరు 11. న్యూయార్క్ దాడులకు సరిగ్గా నాలుగేళ్ళు. టోపీలు, హిజాబ్‌లు వేసుకుని వరసల్లో నిలబడి వడ్డించారు. ఆ తేదీన ఇంట్లో తలుపులేసుకుని కూర్చోవడమే సేఫ్ అనుకునే రోజులు అవి. ఎంత సోచాయించి ఆ తేదీ అడిగారో!

మెన్నొనైట్ల ఇల్లు పూర్తయ్యాక చిన్న మహఫిల్ జరుగుతుంది. దువా చేస్తారు, తాళంచెవులిస్తారు. వాళ్ళ ఆడవాళ్ళు ఎక్కడో పెన్సిల్వేనియాలోనో, కెనడాలోనో ముక్కలు కలిపి చేత్తో కుట్టిన బొంత ఒకటి ఇంటివాళ్ళ చేతిలో పెడతారు. పునాది తవ్వినవాళ్ళు, కప్పు వేసినవాళ్ళు ఆ రోజు అక్కడ ఉండరు. వాళ్ళ వారం ఎప్పుడో అయిపోయి ఉంటుంది.