సోకిన గాలి

చైనాను సోంగ్ వంశం ఏలిన రోజుల్లో రాజగ్రంథాలయంలో రోజుకొక పండితుడు వంతులవారీగా రాత్రి అక్కడే పడుకోవాలి. రాలేనివాడు హాజరు పుస్తకంలో తన పేరు కింద కడుపులో బాగోలేదని రాసేసేవాడు. ఎంతమంది అలా రాశారో గాని, దానికి కడుపునొప్పి చిట్టా అనే పేరు స్థిరపడిపోయిందని 11వ శతాబ్దపు పండితుడు షెన్ క్వో చెప్పాడు. ఆ తర్వాతి తరాలవాడైన చెన్ హూ దానికి జోడు చూపించాడు. మహావిద్యాలయంలో తాను చదువుకునేటప్పుడు రాత్రికి బయట ఉండదలిస్తే వరండాలోని పుస్తకంలో ‘గాన్‌ఫంగ్’ అని రాసేవారట. గాలి సోకింది అని!

ఫంగ్ అంటే గాలి. గాన్‌కు మన ‘సోకు’ అతికినట్టు సరిపోతుంది. ఎండ సోకుతుంది, జబ్బు సోకుతుంది, దయ్యమూ సోకుతుంది. వచ్చి తాకేది ఏదైనా క్రియ ఒక్కటే. ఇవాళ చైనాలో జలుబుకు వాడే మాట ‘గాన్‌మావ్’. వానను లెక్కచేయకుండా నడిచిపోవడానికీ, పొగ పైకి లేవడానికీ కూడా వాళ్లు మావ్ అనే అంటారు. మనం రొంప అంటే ముక్కు కళ్లముందు కనిపిస్తుంది. గాన్‌మావ్‌లో ముక్కు ఊసే లేదు. రోగం ఎలా కనిపిస్తోందన్నది కాదు, బయటిదేదో వచ్చి ఎలా తగిలిందన్నదే అందులో ఉంది. చైనా ప్రాచీన వైద్యం గాలిని రోగాలన్నిటికీ పెద్దగా కూర్చోబెట్టింది. ఆ పెద్దరికం మనం జలుబుకే ఇచ్చాం: పడిశం పది రోగాల పెట్టు.

పేరులో కారణాన్ని పెడితే వైద్యం ఆ పేరు వెంటే నడుస్తుంది. బయటినుంచి వచ్చింది కాబట్టి బయటికే పంపాలి. రోగం ఇంకా పైపైనే ఉన్న దశను ‘బ్యావ్’ అంటారు. ఆ అక్షరం మొదట పైన వేసుకునే బొచ్చు వస్త్రానిది. అప్పుడు చేసే చికిత్స ‘జ్యెబ్యావ్’, అంటే ఆ పైపొర ముడి విప్పడం. ఆచరణలో ఆ పని చెమట పట్టించడమే.

ఆ పని నేర్పిన గ్రంథం జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన షాంగ్‌హాన్ గ్రంథం, 3వ శతాబ్దం తొలినాళ్లది. షాంగ్ అంటే గాయం, హాన్ అంటే చలి. రెండు వందలకు పైబడిన తన వంశంలో పదేళ్లు తిరక్కుండా మూడింట రెండొంతుల మంది పోయారనీ, పోయినవాళ్లలో పదింట ఏడుగురిని ఈ చలిగాయమే తీసుకుపోయిందనీ ముందుమాటలో రాసుకున్నాడు. ఆయన తొలి కషాయంలో ఐదే దినుసులు: దాల్చినజాతి కొమ్మలు, పియోనీ వేరు, అతిమధురం, అల్లం, పన్నెండు రేగుపండ్లు. ఏడు పాళ్ల నీళ్లు సన్నసెగ మీద మూడు పాళ్లకు దిగేదాకా మరిగించి, ఒక పాలు తాగించాలి. కాసేపాగి వేడివేడి పలచని గంజి పట్టించి, దుప్పటి కప్పి పడుకోబెట్టాలి. ఒళ్లంతా సన్నగా తడిస్తే చాలు, ధారగా కారితే రోగం తగ్గదు. మొదటి మోతాదుకే చెమట పట్టిందా, మిగతా కషాయం ఆపేయాలి. మాంసం, మద్యం, పచ్చివి, చల్లనివి, జిగటవి పథ్యంలో పనికిరావు. పద్దెనిమిది వందల ఏళ్ల నాటి ఈ చీటీలో నాకు నచ్చేది మందు కన్నా, ఎక్కడ ఆపాలో చెప్పిన తీరు.

అయితే రోగం ఎప్పుడూ పేరుకు లొంగి ఉండదు. 1641లో చైనాలోని చాలా ప్రాంతాల్లో మహమ్మారి లేచింది. చలిగాయానికి చేసే చికిత్స పట్టుకుని వేలాడిన వైద్యుల చేతుల్లో జనం రాలిపోయారు. వూ యోవ్‌షింగ్ అనే వైద్యుడు మరుసటి ఏడు రాసిన పుస్తకంలో తెగేసి చెప్పాడు: ఇది గాలీ కాదు, చలీ కాదు. ‘లీచీ’ అనే వేరే దుష్టపదార్థం నోటిద్వారా, ముక్కుద్వారా లోపలికి వెళ్తోంది అన్నాడు. సూక్ష్మక్రిముల సంగతి అతనికి తెలిసే వీలు లేదు. కానీ దారి సరిగ్గానే పట్టుకున్నాడు. చైనా వైద్య చరిత్రలో ఇంతకన్నా ధైర్యమైన నామకరణం నాకు కనబడదు.

ఇప్పుడు జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయని మనకు తెలుసు. వాటిని చెమట చంపదు. అలాగని పాత మూలికలన్నీ ఉత్తవీ కావు. చలిగాయానికి వాడిన మాహువాంగ్ అనే మూలిక నుంచి జపాన్ శాస్త్రజ్ఞుడు నాగాయ్ నాగాయోషి 1885లో ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. అది ఊపిరి గొట్టాలను విప్పారుస్తుంది, గుండెనూ పరుగెత్తిస్తుంది. అందుకే ఆ మూలిక కలిపిన ఆహార అనుబంధాలను అమెరికా 2004లో నిషేధించింది. మూలిక కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

షాంగ్‌హాన్ మాటకు తర్వాత మరో గతి పట్టింది. ఆయుర్వేదంలో మూడు దోషాలూ కలిసి ప్రకోపించడాన్ని చెప్పే సన్నిపాతం మన దగ్గర టైఫాయిడ్ పేరైనట్టే, ఆధునిక చైనీస్‌లో షాంగ్‌హాన్ టైఫాయిడ్‌కు స్థిరపడింది. వైద్యం చదవడానికి చైనా వెళ్లే మన పిల్లలకు ఈ తేడా తెలిసి ఉండాలి. ఆసుపత్రి కాగితం మీద ఆ మాట కనిపిస్తే అల్లం కషాయంతో సరిపెట్టకండి, అది జలుబు కాదు.