"నిన్న" అంటే ఎందుకు తప్పు? – ప్రెజెంట్ పర్ఫెక్ట్ పుట్టుపూర్వోత్తరాలు

"ఐ హావ్ సెంట్ ద ఫైల్ యెస్టర్డే."

ఈ వాక్యంలో తప్పెక్కడుందో మనలో చాలామందికి తెలుసు. హైస్కూల్లో మాష్టారు ఎర్ర సిరాతో సున్నా చుట్టిన చోటే అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీషు సారు కూడా చుట్టాడు. "హావ్ వచ్చిందంటే యెస్టర్డే రాకూడదమ్మా" అని ఇద్దరూ ఒకే పాట పాడారు. ఎందుకు రాకూడదు అని అడిగితే మాత్రం "అది రూలు" అన్నదే సమాధానం. కంపైలర్ కూడా ఎర్రర్ ఏంటో చెప్తుంది గానీ ఎందుకో చెప్పదు కదా, అలాగన్నమాట :)

ఆ రూలు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు రాశారు, ప్రపంచంలో అందరూ పాటిస్తారా అన్నది కాస్త తవ్వి చూస్తే మంచి కథే ఉంది. గ్రామర్ క్లాసు అని భయపడకండి, ఇది చరిత్ర క్లాసు.

సుమారు వెయ్యేళ్ళ క్రితం ఇంగ్లీషులో "హావ్" అంటే అచ్చంగా "నా దగ్గర ఉంది" అనే. "నేను చేపని పట్టాను" అనడానికి వాళ్ళు కొన్నిసార్లు "నా దగ్గర, పట్టబడినదైన చేప ఉంది" అన్నట్టు చెప్పేవాళ్ళు. అందులో "పట్టబడిన" అన్నది చేపకి విశేషణం. అందుకే చేప విభక్తిని బట్టి ఆ మాట చివర కూడా ప్రత్యయం మారేది. కాలక్రమంలో ఆ ప్రత్యయాలు అరిగిపోయాయి, మాటల వరస కూడా మారింది. "ఐ హావ్ ద ఫిష్ కాట్" కాస్తా "ఐ హావ్ కాట్ ద ఫిష్" అయ్యింది. దాంతో "హావ్" సొంత అర్థం పోగొట్టుకుని వెనకాల క్రియకి సహాయకుడిగా మిగిలిపోయింది. చేప చేతిలో లేకపోయినా, తినేసినా, పారిపోయినా ఇప్పుడు "హావ్" వాడొచ్చు.

ఇది వింత వ్యవహారం అనుకుంటాం గానీ మన తెలుగులోనూ దీని చుట్టం ఒకటుంది. "తలుపు వేసి ఉంది." "అన్నం వండి ఉంది, పెట్టుకుని తిను." "బండి బయట పెట్టి ఉంది." వీటిల్లో పని ఎప్పుడు చేశారన్నది కాదు ముఖ్యం, దాని ఫలితం ఇప్పుడు కళ్ళెదుట ఉంది. ఇంగ్లీషు ప్రెజెంట్ పర్ఫెక్ట్ మొదలైంది సరిగ్గా ఇక్కడే. తేడా ఏంటంటే ఇంగ్లీషు అక్కణ్ణుంచి ముందుకెళ్ళి దాన్నొక పూర్తి కాలంగా మార్చుకుంది, మనం తలుపుల దగ్గరా అన్నం దగ్గరా ఆగాం. మన పొరుగువాళ్ళు ఆగలేదు. తమిళులు "వందిరుక్కేన్" అంటారు, కన్నడిగులు "బందిద్దేనె" అంటారు, హిందీవాళ్ళు "ఆయా హూఁ" అంటారు. మూడింటిలోనూ "ఉన్నాను" అన్న ముక్క దాగి ఉంది. మనం మాత్రం "వచ్చాను" అని ఒక్క మాటతో తేల్చేస్తాం. ఇప్పుడే వచ్చినా వచ్చాను, పోయినేడాది వచ్చినా వచ్చాను. చెన్నైలోనో బెంగుళూరులోనో పనిచేసేవాళ్ళకి ఒక ప్రశ్న: పక్క సీటు తమిళుడికి "హావ్" కొంచెం సులువుగా పట్టుబడుతోందని మీకెప్పుడైనా అనిపించిందా? అనిపించి ఉంటే అది తెలివితేటల తేడా కాకపోవచ్చు, మాతృభాష ఇచ్చిన లైబ్రరీ తేడా కావచ్చు.

సరే, ఇంగ్లీషు దగ్గరికి మళ్ళీ వద్దాం. పాత ఇంగ్లీషులో ఈ పనికి "హావ్" ఒక్కటే లేదు, "బీ" కూడా పోటీలో ఉండేది. రావడం, పోవడం, పడడం లాంటి క్రియలకి "హి హాజ్ కమ్" బదులు "హి ఈజ్ కమ్" అనేవాళ్ళు. 1611లో అచ్చైన కింగ్ జేమ్స్ బైబిల్ నిండా ఇలాంటివే. "ఈజ్" ఇప్పటికే కర్మణి ప్రయోగం డ్యూటీ కూడా చేస్తోంది కాబట్టి రెండు పనుల మధ్య గందరగోళం. మెల్లమెల్లగా "హావ్" గెలుచుకుంటూ వచ్చింది. 19వ శతాబ్దంలో "బీ" చాలావరకు తెరమరుగైంది. "హి ఈజ్ గాన్" అన్నది అప్పటి శిథిలమే. పాత కోడులో ఎవరూ తీసెయ్యకుండా వదిలేసిన ఫంక్షన్ లాంటిదన్నమాట.

ఇంకో విషయం. అప్పటి ఇంగ్లీషులో "హావ్" పక్కన "నిన్న" లాంటి మాట వస్తే నేరమేం కాదు. షేక్‌స్పియర్ కాలం దాకా, ఆ తర్వాత కూడా, అలాంటి వాక్యాలు అప్పుడప్పుడు కనబడతాయి. రూలు గట్టిపడింది తర్వాతే.

ఆ రూల్ని బడిపిల్లల దాకా చేర్చినవాళ్ళలో ముఖ్యుడు లిండ్లే మర్రే. విచిత్రం ఏంటంటే ఆయన ఇంగ్లండులో పుట్టినవాడు కాదు, అమెరికాలో పుట్టిన లాయరు. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక ఇంగ్లండు వెళ్ళి యార్క్ దగ్గర స్థిరపడి, అక్కడి ఆడపిల్లల బడి కోసం 1795లో ఒక గ్రామర్ పుస్తకం రాశాడు. అది అట్లాంటిక్‌కి రెండు వైపులా లక్షల కొద్దీ అమ్ముడుపోయింది. జరిగిపోయిన పనికి ఇప్పటితో ఏదో లంకె ఉంటేనే పర్ఫెక్ట్ వాడాలన్నది ఆయన చెప్పిన సూత్రం. దానికిచ్చిన ఉదాహరణ నాకు భలే నచ్చింది. సిసెరో ఉపన్యాసాలు మనకి మిగిలాయి కాబట్టి వాటి గురించి "హాజ్ రిటెన్" అనొచ్చట, ఆయన పద్యాలు పోయాయి కాబట్టి వాటికి అలా అనకూడదట! అంటే మీరు వాడాల్సిన టెన్సు లైబ్రరీలో పుస్తకం ఉందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. ఈరోజు ఏ ఇంగ్లీషువాడూ ఇంత దూరం వెళ్ళడు. కానీ సూత్రం మాత్రం బతికే ఉంది. ఘంటసాల గురించి మాట్లాడుతూ "హి హాజ్ సంగ్" అంటే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే ఆయన 1974లోనే వెళ్ళిపోయారు. పాటలు మనతో ఉన్నాయి గానీ వాక్యానికి కర్త పాడినాయనే కదా.

ఇప్పుడు ఇంగ్లిష్ ఛానల్ దాటి చూద్దాం. ఫ్రెంచివాళ్ళకీ సరిగ్గా ఇలాంటి రూలే ఉండేది. పని ఈరోజు జరిగితే "హావ్" తరహా రూపం, నిన్నో అంతకుముందో జరిగితే మామూలు భూతకాలం. 1660లో వచ్చిన పోర్ట్ రాయల్ గ్రామర్‌లో కూడా ఈ తేడా ఉంది. దీన్ని ఇరవైనాలుగు గంటల రూలు అంటారు. తర్వాతేమైంది? జనం పట్టించుకోలేదు. మాట్లాడే ఫ్రెంచిలో "హావ్" రూపమే అన్నిటికీ వాడేశారు, మామూలు భూతకాలం పుస్తకాలకి పరిమితమైపోయింది. జర్మన్‌లో "నేనతన్ని నిన్న చూశాను" అనడానికి "ఇష్ హాబె ఇన్ గెస్టర్న్ గెజేఎన్" అంటారు. మాటకి మాట ఇంగ్లీషులో పెడితే "ఐ హావ్ హిమ్ యెస్టర్డే సీన్". దక్షిణ జర్మనీ మాటల్లోనైతే మామూలు భూతకాలం దాదాపు లేనట్టే.

అంటే మనకి ఎర్ర సున్నా పడిన వాక్యం ప్యారిస్‌లో కరెక్టు, మ్యూనిక్‌లో కరెక్టు, షేక్‌స్పియర్ రోజుల లండన్‌లో చెల్లుబాటు. ఇక్కడ తర్కం కాదు, అలవాటు మాట్లాడుతోంది.

ఇంకో "తప్పు" ఉంది. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్." మనం "మూడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను" అంటాం, వర్తమానమే వాడతాం. పని ఇంకా జరుగుతోంది కదా! ఫ్రెంచివాడూ, జర్మన్‌వాడూ ఇక్కడ వర్తమానమే వాడతారు. ఇంగ్లీషు ఒక్కటే "హావ్ బీన్ వర్కింగ్ ఫర్" అని డొంకతిరుగుడుగా వెళ్తుంది. తర్కం ప్రకారం చూస్తే మనమే నయం :)

మరి ఈ రూలు మన దాకా ఎలా వచ్చింది? 1835లో మెకాలే తన ప్రసిద్ధమైన మినిట్ రాశాడు, సర్కారు సొమ్ము ఇంగ్లీషు చదువు వైపు మళ్ళింది. 19వ శతాబ్దం చివర్లో ఉత్తర భారతంలో విద్యాశాఖలో పనిచేసిన నెస్‌ఫీల్డ్ గ్రామర్లు దేశమంతా పాకాయి. 1930లలో రెన్ అండ్ మార్టిన్ వచ్చింది. అందులో రెన్ అంటే బొంబాయిలో విద్యాశాఖలో పనిచేసిన పి.సి. రెన్. "బో జెస్ట్" అనే సాహస నవల రాసినాయన కూడా ఈయనే. తర్వాతి కాలంలో ఆ పుస్తకాన్ని సవరించిన పేరుగా లోపలి పేజీలో ఎన్.డి.వి. ప్రసాదరావు అని ఉంటుంది. మనందరం రెన్‌ని తిట్టుకున్నాం గానీ ఆ పేరుని ఎవరూ గమనించలేదు.

ఈ పుస్తకాల్లో అభ్యాసం అంటే ఖాళీలు పూరించడం, తర్జుమా చెయ్యడం. ఆ తర్జుమాలోంచే మన క్లాసుల్లో "చేసియున్నాను", "వెళ్ళియున్నాడు" లాంటి ఎవరూ మాట్లాడని తెలుగు తయారైంది. టెన్సుకో తెలుగు ఉండి తీరాలని పట్టుబడితే అంతే మరి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగుకి వర్తమానం, భూతం, భవిష్యత్తు, తద్ధర్మం అన్నవే ఉన్నాయి. పన్నెండు డబ్బాల టేబుల్‌లో మన భాషని ఇరికిస్తే సగం డబ్బాలకి మనుషులు దొరకరు.

స్వాతంత్ర్యం వచ్చాక పద్ధతి మారింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. అదే 1972లో సీఫెల్, 2007లో ఇఫ్లూ అయ్యింది. ఆ రోజుల్లో స్ట్రక్చరల్ పద్ధతి రాజ్యమేలేది. టీచరు తలుపు తెరుస్తూ "ఐ యామ్ ఓపెనింగ్ ద డోర్" అనాలి, తెరిచాక "ఐ హావ్ ఓపెన్డ్ ద డోర్" అనాలి, పిల్లలంతా కోరస్. ఆలోచన మంచిదే, ఫలితం కళ్ళెదుట ఉంటుంది. కాకపోతే అరవైమంది ఉన్న క్లాసులో అది కూడా ఎక్కాల పాటలా తయారవుతుంది. 1979లో ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు ప్రాజెక్టు మొదలుపెట్టి దీన్ని తిరగేశాడు. గ్రామర్ పేరు ఎత్తకుండా పిల్లలకి రైళ్ళ టైంటేబుళ్ళు, మ్యాపులు ఇచ్చి లెక్క తేల్చమనండి, పని మీద దృష్టి పెడితే భాష దానంతటదే వస్తుందన్నాడు. ఇప్పుడు ప్రపంచమంతా టాస్క్ బేస్డ్ అని చెప్పుకునే పద్ధతికి తొలి ప్రయోగాల్లో ఒకటి మన పక్కూళ్ళో జరిగింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ "హావ్" మీద మనుషుల బతుకులు తేలుతున్నాయి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట మా టీంలో ఒకతను ఉండేవాడు, తెలుగు మీడియం, మెమరీ లీకుల్ని పట్టడంలో దిట్ట. అతని స్టేటస్ మెయిల్లో "హావ్ ఫిక్స్డ్ ఇట్ ఆన్ మండే" అని ఉంటే మేనేజరు మీటింగులో అందరి ముందూ చదివి నవ్వించాడు. ఆ తర్వాత అతను కాల్స్‌లో నోరు విప్పడం మానేశాడు. అతను పట్టిన బగ్గుల గురించి వేరేవాళ్ళు మాట్లాడేవాళ్ళు, అప్రైజల్లో పేరు వాళ్ళకే వచ్చింది. ఇంతకీ ఆ క్లయింటు జర్మన్‌వాడు. ఆయన కూడా అచ్చం అలాంటి వాక్యాలే రాసేవాడు! ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదు.

క్లయింటు అమెరికావాడైతే ఇంకో తమాషా. రెన్ అండ్ మార్టిన్ ప్రకారం "జస్ట్", "ఆల్రెడీ", "యెట్" ఉంటే "హావ్" ఉండాలి. అమెరికావాడు హాయిగా "ఐ ఆల్రెడీ సెంట్ ఇట్", "డిడ్ యు ఈట్ యెట్?" అంటాడు. మన "భోంచేశారా?" లాగే. అంటే మనం ఒక దేశపు రూలు బట్టీపట్టి ఇంకో దేశానికి మెయిళ్ళు రాస్తున్నాం.

అయితే రూలు వదిలెయ్యమంటున్నానా? అబ్బే, లేదు. హెచ్‌టీటీపీలో 404 బదులు ఇంకో నంబరు ఉన్నా ప్రపంచం ఆగిపోదు, అయినా మనం 404నే పంపిస్తాం. ఒప్పందం ఒప్పందమే. నేర్చుకోవాలి, కానీ తెలివితేటల కొలబద్దగా కాదు, ప్రోటోకాల్‌గా నేర్చుకోవాలి.

నేర్చుకోవడానికి ఖాళీలు పూరించే పుస్తకాల కన్నా రోజూ పొద్దున మనం చెప్పే స్టేటస్సే మంచి అభ్యాసం. చెప్పబోయేది "ఎప్పుడు జరిగింది" అన్న ప్రశ్నకి జవాబా, "ఇప్పుడు పరిస్థితేంటి" అన్న ప్రశ్నకి జవాబా? మొదటిదైతే మామూలు భూతకాలం: "వి డిప్లాయ్డ్ ఇట్ లాస్ట్ నైట్." రెండోదైతే "హావ్": "వి హావ్ డిప్లాయ్డ్ ఇట్, యు కెన్ టెస్ట్." మనసులో తెలుగు వాక్యం "వండి ఉంది" తరహాలో ఉంటే "హావ్" పెట్టండి, గడియారం గుర్తొస్తే తీసెయ్యండి. అన్నింటికీ ఇది సరిపోదు, "ఎప్పుడైనా పూనా వెళ్ళారా?" లాంటి అనుభవాల ప్రశ్నలు, "మూడేళ్ళ నుంచి" లాంటివి విడిగా అలవాటు చేసుకోవాల్సిందే. కానీ ఆఫీసు పనిలో సింహభాగం దీంతో గట్టెక్కుతుంది.

ఈ రోజుల్లో రాసింది దిద్దడానికి సాఫ్ట్‌వేర్లున్నాయి, మెయిల్లో "హావ్" ఎక్కడుండాలో అవే సర్దేస్తాయి. కాల్‌లో మాత్రం మనిషే మాట్లాడాలి. అక్కడ పక్కవాడు "హావ్" పక్కన "యెస్టర్డే" పెడితే, అతను పట్టిన బగ్గేదో ముందు వినండి. టెన్సు సంగతి తర్వాత కాఫీ దగ్గర నెమ్మదిగా చెప్పొచ్చు. వెయ్యేళ్ళుగా మారుతూ వస్తున్న రూలది, ఇంకో పది నిమిషాలు ఆగుతుంది.