నాలుగు వారాల వకీళ్లు: మన్ననూర్ నుంచి చూస్తే

లా విద్యార్థికి ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటి? కాలేజీ నోటీసు బోర్డు చెప్పే అర్థం ఒకటి. వాడలోంచి తొలిసారి లా కాలేజీ మెట్లెక్కిన పిల్లలకు తెలిసిన అర్థం ఇంకొకటి. ఢిల్లీలో పేరున్న వకీలు ఛాంబర్లోనో, ముంబై లా ఫర్ములోనో నెలరోజులు కూచోవాలంటే అక్కడ ఉండటానికి గది కావాలి, తిండికి పైసలు కావాలి. అంతకన్నా ముందు ‘మావాడే, కాస్త చూడండి’ అని ఫోన్ చేసే చుట్టం కావాలి. మనకు లేనిది ఆ చుట్టమే.

ఇది కొత్త సంగతేం కాదు. ప్లీడరు ఇంట పుట్టినవాడికి తండ్రి ఆఫీసే బడి. పేరు పొందాక తప్ప దళితునికి ఆ గుమ్మం తెరుచుకోలేదు, పొందాక కూడా అంత తేలిగ్గా తెరుచుకోలేదు. 1916లో గ్రేస్ ఇన్‌లో చేరి, 1922లో బారిస్టరైన అంబేడ్కర్ 1923లో బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెడితే సొలిసిటర్లు ఆయనకు కేసులు ఇయ్యలేదు. కింది కోర్టుల కేసులు, మొఫసిల్ కేసులతో నెట్టుకొచ్చారు. ఇల్లు గడవడానికి 1925లో బాట్లీబాయ్ అకౌంటెన్సీ సంస్థలో మర్కంటైల్ లా పాఠాలు చెప్పారు. అంతటి చదువుకే ఆ గతి పడితే, చుండూరు నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన పిల్లకు ఏమవుతుందో వేరే చెప్పాలా?

చట్టం ఏం చేసిందో చూద్దాం. 1961 అడ్వకేట్ల చట్టంలో మొదట ఎన్‌రోల్‌మెంటుకు ముందు శిక్షణ, పరీక్ష ఉండేవి. 1973 సవరణ వాటిని తీసేసింది. ఆ సందు మనలాంటివాళ్లకు మేలే చేసిందని మా అంచనా: సీనియర్ దయ లేకుండానే నల్లకోటు వేసుకునే వీలు దొరికింది. బార్ కౌన్సిల్ 1995లో ఏడాది శిక్షణ నిబంధన మళ్లీ తెచ్చింది. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు 1999లో దాన్ని కొట్టేసింది. 1973 తర్వాత కౌన్సిల్‌కు అట్లాంటి అధికారం లేదన్నది. ఇక శిక్షణ చదువులోపలికి వచ్చింది. 2008 లా విద్య నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏ సంవత్సరమూ వరుసగా 4 వారాలకు మించకూడదు.

ఆ నియమాలు చదివితే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. ఇంటర్న్ ఏ ప్యాంటు, ఏ చొక్కా, ఏ టై, ఎట్లాంటి బూట్లు వేసుకోవాలో రాశారు. పూర్తి డ్రెస్సు దొరక్కపోతే ఏం తొడుక్కోవాలో కూడా రాశారు. స్టైపెండ్ మాట మాత్రం మరిచారు. ఎన్‌రోల్‌మెంటు ఫీజుదీ ఇదే కథ. చట్టంలో ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలని ఉన్నా బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేసుకున్నాయి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోవద్దన్నది. చట్టాన్ని బార్ కౌన్సిల్ చేత పాటింపజేయడానికి కూడా సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది!

అయితే ఆ నియమాల్లోనే ఒక తలుపు ఉంది. వకీళ్లు, కోర్టులు, కంపెనీలతో పాటు స్వచ్ఛంద సంస్థల దగ్గర, స్థానిక స్వపరిపాలన సంస్థల దగ్గర చేసినా ఇంటర్న్‌షిప్ కిందే లెక్క. అంటే గ్రామ పంచాయతీ కూడా లెక్కలోకొస్తుంది. చదువు ఊరికి పోవాలన్నది మన ఉద్యమాలు ముందే నేర్పిన పాఠం. కారంచేడు ఊచకోత జరిగిన 1985లో బొజ్జా తారకం ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశారు. అంతకుముందే ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని మామూలు జనానికి అర్థమయ్యే తెలుగులో పుస్తకం రాశారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు పట్టుబట్టి కోర్టును తమ ఊరికే రప్పించుకున్నారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు కడుపులో ఇంకా మండుతూనే ఉంది. కానీ కోర్టు ఊరికి నడవగలదని మాత్రం చుండూరు చూపించింది.

కోర్టు నడిచినప్పుడు విద్యార్థి ఎందుకు నడవకూడదు? శ్రీశైలం రోడ్డు మీది మన్ననూర్ తీసుకోండి. రాత్రయితే అటవీశాఖ గేటు పడే ఊరు, చెంచుల కోసం పెట్టిన ఐటీడీఏ ఉన్న ఊరు. చెంచుల మాట దళిత పత్రికలో ఎందుకని అడిగేవాళ్లుంటారు. 1989 అత్యాచార నిరోధక చట్టం మనిద్దరికీ కలిపి వచ్చింది, మనం విడదీసుకుంటే ఎట్లా?

ఈ అడవి పులుల రిజర్వు. ఇక్కడినుంచి చెంచులను కదిలించాలంటే గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతుంది. ఆదిమ సమూహాలకు ఆవాస హక్కు కూడా ఇచ్చింది. చిక్కంతా కాగితం దగ్గర. వ్యక్తిగత హక్కుకు ఫారం ఎ, సామూహిక హక్కుకు బి, సామూహిక అటవీ వనరుకు సి. ఆధారాల్లో ఊరి పెద్దల నోటిమాట కూడా ఒకటి, దాన్ని రాతలో పెట్టాలి, హక్కు అడిగేవాడు కాక వేరే పెద్దమనిషి చెప్పాలి. ఏ గుట్ట మీద తేనె తీసేవాళ్లు, ఏ వాగు దాకా పెంట హద్దు, ముత్తాతను ఎక్కడ పూడ్చారు, ఇవన్నీ చట్టం దృష్టిలో సాక్ష్యం. రాసిపెట్టే చెయ్యి కావాలి. దానికి బార్‌లో పదిహేనేళ్ల సీనియారిటీ అక్కర్లేదు, మూడో సంవత్సరం విద్యార్థి చాలు. కాకపోతే తెలుగు రావాలి, పెద్దాయన మాట్లాడేటప్పుడు మధ్యలో దూరకుండా వినడం రావాలి. ఈ రెండూ ఇంగ్లీషులో నడిచే జాతీయ లా విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్షలో అడగరు.

ఒక ఇబ్బంది ఉంది. గ్రామసభ తీర్మానం మీద సబ్‌డివిజన్ కమిటీకి అప్పీలు చేసుకోవడానికి 60 రోజుల గడువు. విద్యార్థికి ఉన్నది 4 వారాలు. గడువు మధ్యలోనే సంచి సర్దుకుంటాడు. అందుకని ఒక కాలేజీ కాదు, ఉస్మానియా, నల్సార్, పాలమూరు కాలేజీలు వంతులేసుకుని ఒక జట్టు వెనక ఇంకో జట్టును పంపాలి. ఫైలు విద్యార్థి లాప్‌టాప్‌లో కాదు, ఊళ్లోని అటవీ హక్కుల కమిటీ దగ్గర ఉండాలి. పెద్దల వాంగ్మూలాల నకలు వాళ్లకే ఇచ్చి, ఏ తేదీన ఏ ఆఫీసులో ఏం దాఖలైందో, రసీదు వచ్చిందో లేదో, తెలుగులో ఒక నోటుబుక్కులో రాసి వచ్చే జట్టుకు అప్పజెప్పాలి. వాళ్ల బస్సు చార్జీలూ తిండి ఖర్చూ మాత్రం యూనివర్సిటీయే పెట్టుకోవాలి.