ఊరంతా బిగ్‌బాస్ ఇల్లయిన ఏడాది

2020లో సెప్టెంబరు 6 ఆదివారం పడింది. ఆరేళ్లు తిరిగేసరికి ఇవాళ మళ్లీ తేదీ, వారం కలిసొచ్చాయి. ఆరేళ్లంటే వేడుక చేసుకునే లెక్కేమీ కాదు. రజతోత్సవం కాదు, కనీసం దశాబ్ది కూడా కాదు. కానీ అనుబంధం పేజీలు ప్రెస్సుకు వెళ్లే రోజు దగ్గరపడుతుంటే, క్యాలెండరు తనంతట తాను అందించిన సాకును కాదనుకునేవాళ్లు ఈ వృత్తిలో ఉండరు.

ఆ ఆదివారం సాయంత్రం స్టార్ మాలో బిగ్‌బాస్ తెలుగు నాలుగో సీజన్ మొదలైంది. కరోనా వచ్చాక దేశంలో మొదలైన తొలి బిగ్‌బాస్ అదే. సల్మాన్ ఖాన్ హిందీ సీజన్, కమల్‌హాసన్ తమిళ సీజన్ ఆ తర్వాత నెలకు గానీ రాలేదు. ఆ షోను తిట్టుకుంటూ చూసేవాళ్లూ, చూస్తూ తిట్టుకునేవాళ్లూ ఎప్పుడూ ఉన్నారు. నేను రెండో జాతి. అయినా ఆ సీజన్ మాత్రం టీవీ చరిత్రలో ఒక పేజీకి తగినదేనని నా నమ్మకం.

అంటువ్యాధికీ ఆటపాటలకీ పడకపోవడం ఈనాటిది కాదు. నలుగురు చేరితేనే ఆట, నలుగురు చేరితేనే జబ్బు. 1592-94 మధ్య లండన్‌లో ప్లేగు వల్ల నాటకశాలలు చాలాకాలం మూతపడితే నటులు పొట్ట చేతపట్టుకుని ఊళ్లమీద పడ్డారు. మన దగ్గర 1813లో గత్తర వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సికింద్రాబాద్ పల్టను మనిషి ఒకరు మహంకాళికి మొక్కుకున్నాడనీ, లష్కర్ బోనాలకు అదే మొదలనీ చెప్పుకుంటారు. అక్కడ జబ్బు ఆటను ఆపితే ఇక్కడ జాతరను పుట్టించిందన్నమాట. తర్వాతి ఎనభై ఏళ్లలో ఎన్ని గత్తర్లు ఎన్ని వీధి భాగోతాలను ఆపాయో రాసిపెట్టినవాళ్లు లేరు కనుక నేరుగా 1896కి వద్దాం.

ఆ ఏడాది జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల బొమ్మలు కదిలాయి. రెండు నెలలు తిరిగేసరికి అదే ఊళ్లో ప్లేగు బయటపడింది. ఇంత దగ్గరి కవలలు చరిత్రలో అరుదు. మరుసటేడు తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం తెచ్చారు. నాలుగంటే నాలుగే సెక్షన్లు. 2020 మార్చిలో మన రాష్ట్రాలు దుమ్ము దులిపి బయటికి తీసింది ఈ 1897 చట్టాన్నే. వాట్సన్ హోటల్ నాటి చట్టం బిగ్‌బాస్ సెట్టున్న అన్నపూర్ణ స్టూడియో దాకా నడిచొచ్చింది.

1918 ఇన్‌ఫ్లుయెంజాకు మన దేశంలోనే కోటికి పైగా జనం పోయారు. అమెరికాలో సినిమా కంపెనీలు ఆ అక్టోబరులో నాలుగు వారాలపాటు కొత్త చిత్రాల విడుదల ఆపేశాయి. తెలుగులో ఆపడానికి సినిమా ఉంటే కదా! రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాష్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసింది 1921లో. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబరు 23న, ప్రైవేటు తెలుగు ఛానళ్లు వచ్చింది 1995లో. టీవీ పుట్టి పెరిగి, సీరియల్ అత్తగారు ఇంటి మనిషయ్యేంత కాలంలో ఏ జబ్బూ మన స్టూడియో గేటుకు తాళం వేయలేదు.

2020 మార్చిలో తాళం పడింది. షూటింగులు ఆగాయి, ఆ వెంటనే జనతా కర్ఫ్యూ, లాక్‌డౌన్. ఛానళ్ల దగ్గర తీసిపెట్టుకున్న ఎపిసోడ్లు ఐపోయాక పాతవే మళ్లీ వేశారు. మార్చి 28 నుంచి దూరదర్శన్ రామాయణాన్ని బయటికి తీస్తే దేశం మొత్తం 1987కి వెళ్లిపోయింది. ఇక్కడ రోజు కూలీ మీద బతికే సినీ కార్మికుల కోసం చిరంజీవి నేతృత్వంలో కరోనా క్రైసిస్ ఛారిటీ సరుకులు పంచింది.

షూటింగ్ ఎలా చేయాలో ముందుగా నేర్చుకున్నది ఆస్ట్రేలియావాళ్లు. ఏప్రిల్ ఆఖరుకే ‘నైబర్స్’ సీరియల్ సెట్టును బృందాలుగా విడగొట్టి, ఒక బృందంలో జబ్బు వస్తే అది మాత్రమే ఆగేలా పని మొదలుపెట్టారు. అమెరికాలో ‘ది బోల్డ్ అండ్ ద బ్యూటిఫుల్’ వాళ్లు శృంగార సన్నివేశాల్లో బొమ్మల్ని వాడారు, కొన్నిచోట్ల నటుల అసలు భార్యల్ని, భర్తల్ని పక్కన నిలబెట్టి తీశారు. మన సీరియళ్లకు ఆ తిప్పలు లేవు. అత్త ముఖం ఒక షాటు, కోడలి ముఖం ఒక షాటు, ఉరుము శబ్దంతో మళ్లీ అత్త ముఖం మూడుసార్లు. భౌతిక దూరాన్ని మనవాళ్లు ఇరవై ఏళ్లుగా సాధన చేస్తూనే ఉన్నారు. జూన్ 8న తెలంగాణ ప్రభుత్వం షూటింగులకు అనుమతి ఇచ్చాక సీరియళ్లు మెల్లగా పట్టాలెక్కాయి. కొందరికి జబ్బు సోకి ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. ఎక్కువ సీరియళ్ల కథల్లోకి మాత్రం కరోనా రానేలేదు. పెళ్లి మండపంలో తాళి ఆపడానికి వచ్చినవాడికీ మాస్కు లేదు.

మహారాష్ట్రలో 65 ఏళ్లు దాటినవాళ్లు సెట్టు మీద కాలు పెట్టొద్దన్నారు. ఆగస్టు 7న బొంబాయి హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అప్పటికి అయిదు రోజుల ముందే, 77 ఏళ్ల అమితాబ్ బచ్చన్ కరోనా తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు. ఆ నెల ఆఖరుకే కౌన్ బనేగా కరోడ్‌పతి సెట్టులో ఉన్నారు. ఎదుట ప్రేక్షకులు లేరు కాబట్టి ‘ఆడియన్స్ పోల్’ లైఫ్‌లైన్ ఎత్తేసి వీడియోకాల్లో స్నేహితుణ్ణి అడిగే ఏర్పాటు పెట్టారు.

ఆగస్టు 23న కేంద్రం షూటింగులకు పద్ధతులు ప్రకటించింది. కెమెరా ముందున్న నటులకు తప్ప అందరికీ మాస్కు, ఆరడుగుల దూరం, మేకప్ చేసేవాళ్లకు పీపీఈ కిట్లు, కాలరు మైకులు ఒకరివి ఒకరు వాడకుండా చూడటం, వీలైనంత తక్కువ సిబ్బంది. రెండు వారాలు తిరిగేసరికి వ్యాఖ్యాత నాగార్జున బిగ్‌బాస్ వేదిక ఎక్కారు.

ఇక నాకిష్టమైన భాగానికి వచ్చాం, కాస్త తీరుబడిగా కూర్చోండి.

ఈ ఆట పుట్టింది 1999 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లో. కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి, బయటి వార్తలు అందకుండా చేసి, కెమెరాల్లోంచి చూడటమే దాని సూత్రం. ఆ సూత్రం 2020లో విచిత్రంగా ఎదురు తిరిగింది. జర్మనీలో ఫిబ్రవరిలో ఇంట్లోకి వెళ్లినవాళ్లకు బయట ప్రపంచం మూతపడుతోందని తెలియదు. మార్చి 17న వాళ్లకు ఆ వార్త టీవీలో ప్రత్యక్ష ప్రసారం మధ్య చెప్పాల్సి వచ్చింది. మలయాళం బిగ్‌బాస్ రెండో సీజన్ను అదే నెలలో విజేత లేకుండానే ఆపేశారు.

హైదరాబాదులో అందుకు తలకిందులు. ఇక్కడ లోపలికి వెళ్లేవాళ్లకు బయటి సంగతి బాగా తెలుసు. చూసేవాళ్లే అయిదు నెలలుగా గడప దాటకుండా, అదే నలుగురి ముఖాలు చూస్తూ, గిన్నెలెవరు తోమాలన్న దగ్గర తగువులాడుకుంటూ ఉన్నారు. ఇంట్లోంచి ఎవరిని పంపాలో పేర్లు చెప్పుకునే నామినేషన్ల బాధ ఏమిటో ఆ ఏడాది ప్రతి ఇంటికీ తెలుసు.

పోటీదారులను ముందే రెండు వారాలు హోటల్ గదుల్లో విడివిడిగా ఉంచి, పరీక్షలు చేసి పంపారు. తొలిరోజు 16 మంది. అందులో అరియానా, సోహేల్‌లను ఇంట్లోకి కాక పక్క గదిలో పెట్టి, మిగతావాళ్లకు తెలియకుండా కొన్నాళ్లు దాచారు. ఆటలో భాగమేననుకోండి, కానీ క్వారంటైన్ పూర్తిచేసుకొచ్చినవాళ్లకు మళ్లీ క్వారంటైన్ లాంటిదే పడింది. ఒకసారి ఇంట్లో కలిశాక మాత్రం మాస్కుల్లేవు, దూరాల్లేవు. కౌగిలింతలు, టాస్కుల్లో తోపులాటలు, ఒకే పళ్లెంలో చేతులు. పరిచయం లేని మనుషులు భయం లేకుండా ఒకరినొకరు ముట్టుకోగలిగిన చోటు ఆ నెలల్లో మన రాష్ట్రాల్లో ఇంకొకటి ఉందా అంటే సందేహమే. చూస్తున్నవాళ్లు అసూయపడింది ఆ ఏసీ గదుల్ని చూసి కాదు.

ఆ భద్రత ఇంటి కట్టుబడిలోనే ఉంది. గోడలకు నిలువుటద్దాలు కనిపిస్తాయి కదా, వాటి వెనక చీకటి నడవాలుంటాయి. నల్లబట్టలు వేసుకున్న కెమెరామన్లు అందులో చప్పుడు కాకుండా తిరుగుతారు. అద్దం అటువైపు నుంచి కిటికీ, ఇటువైపు నుంచి అద్దం. మిగతా కెమెరాలు గోడలకీ పైకప్పుకీ బిగించి ఉంటాయి, వాటిని కంట్రోల్ రూములో కూర్చుని తిప్పుతారు. సరుకులు స్టోర్ రూములో పెట్టి బయటి తలుపు వేశాకే లోపలి తలుపు తెరుచుకుంటుంది. గొంతు తప్ప బిగ్‌బాస్ అనే మనిషే లేడు. కరోనా కాలానికి ఎవరో ఆలోచించి గీసిన ప్లానులా ఉంటుంది, గీసింది మాత్రం ఇరవై ఏళ్ల ముందు.

ఆ పదహారు మందిలో నాకు గుర్తుండిపోయింది గంగవ్వ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. యూట్యూబులో ‘మై విలేజ్ షో’తో ప్రపంచానికి తెలిసిన ముఖం. పొలం, వాకిలి, ఇరుగుపొరుగు తప్ప ఇంకో జీవితం ఎరగని మనిషి ముందు హోటల్ గదిలో ఒంటరిగా ఉండి, ఆ తర్వాత కిటికీల్లేని ఇంట్లోకి వచ్చింది. పిన్నా పెద్దా అందరికీ ఆమె ‘అవ్వ’. మిగతావాళ్లు కెమెరా ఎక్కడుందో చూసుకుని మాట్లాడితే, ఆమె ఎవరితో మాట్లాడుతోందో వాళ్లనే చూసి మాట్లాడేది. ఆ ఏసీ చలి పడలేదు, నిద్ర పట్టలేదు, తిండి సహించలేదు. డాక్టర్లు చూశారు. అయిదో వారాంతంలో ఓట్లతో పని లేకుండానే నాగార్జున ఆమెను ఇంటికి పంపారు. సొంతిల్లు కట్టుకోవాలన్నది ఆమె కోరిక. దానికి సాయం చేస్తానని ఆయన మాటిచ్చారు, మరుసటేడు గృహప్రవేశం జరిగింది. జబ్బులకు భయపడి ముసలివాళ్లను గదుల్లో కూర్చోబెట్టిన ఏడాది, తెలుగువాళ్లు సాయంత్రమయ్యేసరికి ఒక ముసలమ్మ కోసం టీవీ పెట్టుకున్నారు. ఈ ఒక్క సంగతికి ఆ షో చేసిన చాలా తప్పులు మన్నించవచ్చు.

అక్టోబరులో ‘వైల్డ్ డాగ్’ సినిమా షూటింగుకు నాగార్జున మనాలి వెళ్లారు. 25న దసరా ప్రత్యేక ఎపిసోడును సమంత నడిపించారు. నవంబరులో కుటుంబ సభ్యులు వచ్చే వారం. మామూలు సీజన్లలో ఆ వారం ఏడుపులతో, కౌగిలింతలతో తడిసిపోతుంది. ఈసారి వచ్చినవాళ్లను అద్దం అవతలే ఉంచారు. అమ్మ చెయ్యి అటు, బిడ్డ చెయ్యి ఇటు, మధ్యలో గాజు. ఆ ఇంట్లో అద్దానికి రెండువైపులా మనుషులు ఒకరికొకరు కనిపించింది అప్పుడే.

డిసెంబరు 20న ఫైనల్. అతిథి చిరంజీవి. నెల ముందు ఆయనకే కరోనా ఉందని పరీక్షలో తేలి, మళ్లీ చేయిస్తే లేదని, కిట్టు తప్పు చూపిందని తెలిసింది. పాతిక లక్షలు తీసుకుని సోహేల్ పోటీలోంచి తప్పుకున్నాడు, అఖిల్ రెండో స్థానంలో నిలిచాడు, అభిజీత్ గెలిచాడు. సీజన్ మధ్యలో ఆగకుండా పూర్తయింది.

ఇక్కడితో కథ చక్కగా ముగిసిపోవాలి. ముగియలేదు. 2021 మేలో చెన్నై శివార్లలోని మలయాళం బిగ్‌బాస్ సెట్టులో సిబ్బందికి కరోనా వచ్చింది. లాక్‌డౌన్లో షూటింగ్ జరుగుతోందని తమిళనాడు అధికారులు వచ్చి సెట్టుకు సీలు వేస్తే పోటీదారులను హోటలుకు తరలించారు. ఓట్లు ముందే వేయించి, విజేతను ఎప్పుడో ఆగస్టులో చూపించారు. కన్నడం వాళ్లు మధ్యలో ఇళ్లకు పంపేసి, జూన్‌లో రెండో ఇన్నింగ్స్ అని మళ్లీ పిలిచారు. మహారాష్ట్రలో షూటింగులు ఆపితే కొన్ని హిందీ సీరియళ్లు మన రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చిపడ్డాయి. తర్వాత మన బిగ్‌బాస్ ఇరవై నాలుగు గంటల ఓటీటీ అయింది, మళ్లీ టీవీ అయింది. 2023 డిసెంబరులో ఏడో సీజన్ ఫైనల్ రాత్రి అన్నపూర్ణ స్టూడియో బయట అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. మూడేళ్ల కిందటి దూరాలు ఎవరికి గుర్తున్నాయి?

మలయాళం సెట్టు చెప్పే సంగతి ఒకటుంది. జబ్బు వచ్చింది ఇంట్లో ఉన్నవాళ్లతో కాదు. రోజూ బయటికి వెళ్లి వచ్చేవాళ్లకు అది అంటుకుంది. నాలుగో సీజన్లో లోపలున్నవాళ్ల పేర్లు వరసగా చెప్పేవాళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ దొరుకుతారు. పీపీఈ కిట్టులో చెమట కక్కుతూ మైకులు తుడిచినవాళ్లు, నడవాల్లో మాస్కుతో గంటలకొద్దీ నిలబడ్డవాళ్లు, షిఫ్టు ముగిశాక ఇంటికెళ్లి పిల్లల్ని దగ్గరికి తీసుకోవడానికి జంకినవాళ్లు ఎవరో మనకు తెలియదు. ఆ సీజన్లో గానీ, ఆ ఏడాది ఏ తెలుగు సీరియల్ సెట్టులో గానీ పనిచేసిన లైట్‌మన్లు, మేకప్ కళాకారులు, కెమెరా సహాయకులు, ప్రొడక్షన్ కుర్రాళ్లు ఇది చదువుతుంటే మీ అనుభవం రాసి పంపండి. ఒక పేజీ అయినా చాలు. ఆనాటి డ్యూటీ పాసో, ఫొటోనో ఉంటే దాచిన చోటు నుంచి తీసి జతచేయండి.