బొర్రా కొండల్లో ధర కట్టిన చేతులు: సంత నుంచి ఆన్‌లైన్ అంగడి దాకా

బొర్రా గుహల చుట్టూ ఉన్న అనంతగిరి, అరకు కొండగ్రామాల గిరిజనులు చింతపండు, కరక్కాయ, అడ్డాకులు, కొండచీపుర్లు, పసుపు కావిళ్లలో మోసుకుని వారపు సంతకు దిగడం తరాలుగా సాగుతున్న ఆచారం. మైదానపు షావుకార్లు ఆ సరుకు కొని ఉప్పు, ఎండుచేప, బట్ట అమ్మేవారు గనుక, అమ్మేవారినీ కొనేవారినీ ఒక్కచోట కలపడమనే నేటి ఆన్‌లైన్ వేదికల పనిని సంత ఏనాడో చేసింది. అయితే ధర సంతలో తేలేది కాదు. పంట చేతికి రాకముందే అప్పిచ్చిన షావుకారు, సరుకు తనకే, తాను కట్టిన ధరకే పోయాలని షరతు పెట్టేవాడు. కొలిచే కుంచమూ అతనిదే. సంతలో ఎందరు వ్యాపారులున్నా అప్పుపడ్డవాడికి కొనుగోలుదారు ఒక్కడే.

ఈ పట్టును సడలించేందుకు 1917 నాటి ఏజెన్సీ చట్టం వడ్డీని ఏడాదికి 24 శాతానికి పరిమితం చేసింది. తర్వాత 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, డిపోల్లో అటవీ ఉత్పత్తులను తూకం వేసి కొంటూ, బియ్యం, ఉప్పు వంటి నిత్యావసరాలను అక్కడే అమ్మింది. 1979 నాటి నిబంధనతో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలు హక్కు ఆ సంస్థ ఒక్కదానికే దక్కింది. దళారీ నుంచి రక్షణగా వచ్చిన ఈ ఏర్పాటు కొనుగోలు గుత్తాధిపత్యం కూడా, అంటే అమ్మేవారు అనేకులు, కొనేది ఒక్కరే అయిన స్థితి. అక్కడ ప్రకటించిన ధర నచ్చకపోతే చట్టబద్ధంగా మరో గడప ఉండేది కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని గ్రామసభలకూ, గిరిజనులకూ గుర్తించడంతో ఆ ఏర్పాటుకు పునాది కదిలింది.

పోటీ విలువ ఈ కొండల్లో పండే కాఫీలో స్పష్టమైంది. జీసీసీతోపాటు నాంది ఫౌండేషన్ ప్రోత్సహించిన రైతు సహకార సంఘమూ, ప్రైవేటు వర్తకులూ కొనుగోలుకు రావడంతో, ఒకరి ధర నచ్చని రైతుకు మరొకరి దగ్గరికి వెళ్లే వీలు కలిగింది.

2020 అక్టోబరు 2న గిరిజన సరుకుల మార్కెటింగ్ చూసే కేంద్ర సంస్థ ట్రైఫెడ్ గిరిజన ఉత్పత్తులకు ఆన్‌లైన్ అంగడి తెరిచింది. అదే ఏడాది జనవరిలో భారీ తగ్గింపులు, కొందరు విక్రేతలకు ప్రాధాన్యం వంటి ఆరోపణలపై అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద దర్యాప్తుకు, మార్కెట్లో పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ ఆదేశించింది. సంతను నడిపేవారే కొలమానాన్నీ పట్టుకుంటే ఏమవుతుందో ఈ కొండలకు కొత్త పాఠం కాదు. అందుకే తెరమీది అంగడి గిరిజనుడికి నిజంగా మేలు చేయాలంటే ధర ముందే తెలియాలి, తూకం తటస్థంగా ఉండాలి, అప్పు సరుకును కట్టిపడేయకూడదు, అన్నిటికీ మించి కొనేవారు ఒకరికంటే ఎక్కువగా ఉండాలి.