వాడకుక్క ముద్ద ఎవరి పని?

2020 మార్చి తర్వాతి రోజుల గురించి రాస్తున్నవాళ్లు ఆగిపోయిన రైళ్ల గురించి, నడిచిన కాళ్ల గురించి రాస్తున్నారు. రాయాల్సిందే. మా నిజామాబాద్ జిల్లా మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఎండలో ఉత్తరాదికి నడిచిపోయిన కూలీలను మరిచిపోయే చరిత్ర చరిత్రే కాదు. అయితే అవే రోజుల్లో ఇంటి గడప దగ్గర జరిగిన ఒక చిన్న పని మాత్రం లెక్కలోకి రాలేదు. వాడకుక్కకు, గోడ మీది పిల్లికి ముద్ద పెట్టే పని. నేను చూసినంతవరకు ఎక్కువగా ఆడవాళ్లే చేసిన పని. దాన్ని జంతుప్రేమ అని ఒక్క మాటలో తేల్చేస్తే అందులోని శ్రమ కనిపించదు, ఇరుగుపొరుగుల మధ్య ఉన్న ఎచ్చుతగ్గులూ కనిపించవు.

మాది మోస్రా. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో వరి పండిన నేల. 1937లో మొదలై 2015లో మూతబడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీని నమ్ముకుని చెరుకు వేసిన ప్రాంతం. మా దిక్కు ఊళ్లల్లో కుక్కను ప్రత్యేకంగా ఎవరూ పెంచరు. అది వాడది. పొద్దున ఒక ఇంటి గంజి, మాపటికి ఇంకో ఇంటి రొట్టెముక్క. దానికి యజమాని ఉండడు, ముద్ద వేసే చేతులు మాత్రం ఉంటాయి. ఆ చేతులు ఇల్లాళ్లవి. అట్లని ఇదంతా మంచి కాలమనుకోవద్దు. ఊరును వాడలుగా చీల్చింది కులం. ఏ వాడ కుక్క ఆ వాడదే అన్న లెక్క కూడా ఆ గీతల మీదనే నడిచింది. పట్నానికి వచ్చాక కుక్క రెండు జాతులయింది. మెడపట్టీ ఉన్నది పెంపుడుకుక్క, లేనిది వీధికుక్క. ఒకటి ఇంటి మనిషి, ఇంకొకటి మున్సిపాలిటీ సమస్య.

మహమ్మారి వచ్చిన ప్రతిసారీ మనిషి భయం ముందుగా నోరులేని జీవాల మీదనే పడింది. 1665లో లండన్‌లో ప్లేగు వచ్చినప్పుడు కుక్కలనూ పిల్లులనూ చంపమని ఆజ్ఞ వేశారు. ప్లేగును మోసేది ఎలుకల మీది గోమార్లని అప్పటికి తెలియదు. ఎలుకలను పట్టే పిల్లులనే చంపుకున్నారు. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దక్కన్ అంతా పాకినప్పుడు జనం ఊళ్లు విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. అప్పుడు అమరావతి ప్రాంతంలో పనిచేసిన ఆండ్రూ బుకానన్ అనే వైద్యాధికారి, పిల్లులున్న ఊళ్లల్లో ప్లేగు తక్కువగా ఉందని గమనించి 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. వైద్యానికి అది కొత్త సంగతి. గాదెల్లో, కుండల్లో గింజలు దాచుకునే ఆడవాళ్లకు పిల్లి ఎందుకుండాలో ఒకరు చెప్పాలా?

2020లో కూడా భయం అదే దారిన వచ్చింది. ఫిబ్రవరి చివర హాంకాంగ్‌లో ఒక పొమరేనియన్ కుక్కకు పరీక్షలో స్వల్పంగా పాజిటివ్ వచ్చింది. ఆ వార్త చాలు, పెంపుడు జంతువులను ఇళ్ల నుంచి వదిలేసిన కబుర్లు ఎన్నో నగరాల నుంచి వినవలసి వచ్చింది. నిజానికి రోగం ఎక్కువగా మనిషి నుంచే జంతువుకు పోయింది. 2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో 8 సింహాలకు కొవిడ్ ఉన్నట్టు సీసీఎంబీ నిర్ధారించింది.

ఇంకో పక్క ఆకలి. హోటళ్లు, మాంసం దుకాణాలు, పెళ్లి మండపాలు మూతపడితే వాటి ఎంగిలి మీద బతికే కుక్కలకు ఏముంటుంది? వీధి జంతువులకు తిండి అందేలా చూడమని జంతు సంక్షేమ బోర్డు మార్చిలోనే రాష్ట్రాలను కోరింది. ఏప్రిల్‌లో ఒకాయన తన 3 పిల్లుల తిండి కొనడానికి బయటికి పోనివ్వాలని కేరళ హైకోర్టుకు పోతే కోర్టు ఒప్పుకుంది. ఆ తీర్పును చదివి నేను సంతోషించాను. వెంటనే ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. పిల్లి తిండి కొనడానికి కోర్టు దాకా పోగలిగినవాళ్లు ఎవరు?

ఈ ప్రశ్న మా గల్లీలోనే నాకు కనిపించింది. నిజామాబాద్‌లో నేనుండే అపార్ట్‌మెంటుకు ఎదురుగా బీడీలు చేసే ఆడవాళ్ల ఇళ్లున్నాయి. లాక్‌డౌన్‌తో బీడీ కార్ఖానాలు మూతబడ్డాయి. ఆకు రాలేదు, తంబాకు రాలేదు, కూలి రాలేదు. రేషన్ బియ్యం మీదనే పొయ్యి వెలిగింది. అయినా వాళ్లలో ఒకామె రోజూ సాయంత్రం 7 గంటల కర్ఫ్యూకు ముందే గంజిలో ఇంత అన్నం కలిపి 4 కుక్కలకు పోసేది. మా అపార్ట్‌మెంటులో ఒక లాబ్రడార్ ఉంది. దానికి పొద్దున, సాయంత్రం గేటు తెరుచుకునేది. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు మాత్రం రెండు నెలలు గేటు మూసేశారు, జీతం కూడా కొందరే ఇచ్చారు. కుక్కను తిప్పడం తప్పని నేను అనను. దానికి నడక కావాలి. కానీ మనిషి శ్వాసకు భయపడి మూసిన గేటు, కుక్క నడకకు తెరుచుకోవడంలో ఏముందో ఆలోచించాలి కదా! గంజి పోసిన ఆమెనే, కుక్కలను మరిగిస్తున్నావని మా గేటులో నుంచి తిట్టారు. ఆ తిట్లు కుక్కల దగ్గర ఆగలేదు, ఆమె నడవడిక దాకా పోయాయి. ఆడదాన్ని తిట్టడానికి ఏ సాకైనా సరిపోతుంది.

అట్లని కుక్కల భయాన్ని తేలిక చేయలేం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో 4 ఏళ్ల పిల్లవాణ్ని వీధికుక్కలు చంపేశాయి. ఆ కుటుంబం మా జిల్లా నుంచి బతుకుదెరువుకు పోయింది. తండ్రి కాపలాపని చేసే చోటికి వెంట పోయిన పిల్లవాడు వాడు. కారులో తిరిగే పిల్లల మీద కంటే, పనిచోటు ఆవరణలోనో ఇరుకు గల్లీలోనో ఆడుకునే పిల్లల మీదనే కుక్కల దాడుల బరువు ఎక్కువ. కరుణ ఒకరిదీ, గాయం ఇంకొకరిదీ అయితే అది న్యాయం కాదు. ఆ తల్లి ముందు నిలబడి చెప్పగలిగిందే జంతువుల హక్కుల గురించి కూడా చెప్పాలి.

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు సుమారు 1.53 కోట్లు. వాటికి సంతాన నియంత్రణ ఆపరేషన్లు చేసి, టీకాలు వేసి, పట్టిన చోటే వదలాలని 2001 నాటి నిబంధనలే చెప్పాయి. 2023 నిబంధనలు ఆ బాధ్యతను ఇంకా గట్టిగా స్థానిక సంస్థల మీద పెట్టాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, రోడ్ల మీద ఎక్కడబడితే అక్కడ తిండి పెట్టొద్దని, వార్డుల్లో అందుకు చోట్లు కేటాయించాలని చెప్పింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆపరేషన్ జరగని ఊరిలో, చోటు చూపించని వార్డులో ఆ కాగితం చివరికి ముద్ద పెట్టే ఆడమనిషిని బెదిరించడానికే పనికొస్తుంది.

మన స్త్రీవాదం ఇంటి చాకిరీకి లెక్క అడిగింది. ముసలివాళ్ల సేవకు, రోగుల సేవకు లెక్క అడిగింది. గడప దాటిన ఈ ముద్దకు కూడా అడగాలి. ఇది ఒకామె మంచితనం మీద నడవాల్సిన పని కాదు. నీళ్లు, చెత్త, దీపాల లాగా ఇది ఊరుమ్మడి పని. కుక్కకు టీకా వేయించడం, ఆపరేషన్ చేయించడం, కరిచినవాళ్లకు సర్కారు దవాఖానలో మందు ఉంచడం, తిండికి చోటు చూపించడం అన్నీ ఒకే పనిలో భాగాలు. అవి జరిగిననాడు బీడీలు చేసే ఆమె గంజి పోస్తే ఎవరూ తిట్టరు, కాపలావాడి బిడ్డ ఆవరణలో భయం లేకుండా ఆడుకుంటాడు. ఈ ఇద్దరిలో ఒకరి పక్షాన్నే నిలబడమంటే నేను ఒప్పుకోను.