పిల్లల కడుపులో బిళ్లలు: ప్రతిదీ క్షయ కాదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: కడుపునొప్పితో బాధపడే చిన్నారికి స్కానింగ్ తీయించగా ‘గ్రంథులు వాచాయి’ అని నివేదికలో కనిపిస్తే తల్లిదండ్రులు ఆందోళన చెందడం సహజం. క్షయ ఏమోనన్న భయం వెంటనే మొదలవుతుంది. అయితే గ్రంథుల వాపు ఒక సూచన మాత్రమే. దానంతట అదే వ్యాధి కాదు.

ఏమిటీ బిళ్లలు?
పేగులను పట్టి ఉంచే పలుచని పొరలో శోషరస గ్రంథులు ఉంటాయి. సూక్ష్మక్రిములను అడ్డుకోవడం వీటి పని. జలుబు, గొంతునొప్పి, విరేచనాలు వచ్చినప్పుడు ఇవి ఉబ్బుతాయి. ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ స్కానింగ్‌లో కనిపిస్తుంటాయి. అడ్డుకొలత 8 మిల్లీమీటర్ల లోపు ఉన్నవాటిని సాధారణంగా వ్యాధిగా పరిగణించరు.

లక్షణాలు, చికిత్స
బొడ్డు చుట్టూ లేదా పొత్తికడుపు కుడివైపున నొప్పి, జ్వరం, వాంతులు ఉండవచ్చు. వైరస్ వల్ల వచ్చిన వాపు చాలావరకు 1 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది. విశ్రాంతి, తగినన్ని ద్రవాలు, బరువును బట్టి వైద్యులు సూచించిన పారాసిటమాల్ సరిపోతాయి. ఇట్టి వాపునకు యాంటిబయాటిక్స్ పనిచేయవు.

ఆలస్యం చేయరాదు
నొప్పి కుడివైపునకు చేరి గంటగంటకూ పెరిగితే ‘24 గంటల నొప్పి’గా పిలిచే అపెండిసైటిస్ కావచ్చు. పచ్చని వాంతులు, మలంలో రక్తం, కడుపు ఉబ్బి గట్టిపడటం కనిపించినా తక్షణం ఆసుపత్రికి తరలించాలి.

క్షయను అనుమానించేదెప్పుడు?
రెండు వారాలు దాటిన జ్వరం, బరువు తగ్గడం, ఆకలి మందగించడం, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండటం ముఖ్య సూచనలు. ఈ ప్రాంతంలో బీడీలు చుట్టే ఇళ్లు, మరమగ్గాల ఇళ్లు అధికం. గాలి ఆడని ఇరుకు గదుల్లో పెద్దల దగ్గు ద్వారా క్షయ పిల్లలకు సోకే అవకాశం ఎక్కువ. కావున పెద్దలకూ పరీక్షలు అవసరం. పచ్చిపాలు తాగించరాదు, కాచి ఇవ్వాలి.

స్కానింగ్ ఒక్కదానితో క్షయ నిర్ధారణ కాదు. పరీక్షలన్నీ పరిశీలించి వైద్యులు నిర్ణయిస్తారు. నిర్ధారణ అయితే కనీసం 6 నెలలు మందులు ఆపకుండా వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషకాహారానికి నెలకు రూ.500 చొప్పున 2018లో ప్రారంభమైన సాయం 2024 నవంబరు నుంచి రూ.1,000కి పెరిగింది.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. నివేదిక చూసి భయపడి మందులు మొదలుపెట్టడం ఎంత పొరపాటో, తగ్గని జ్వరాన్ని, తగ్గుతున్న బరువును ఉపేక్షించడమూ అంతే ప్రమాదకరం.